ముట్టునాటి పడక: కొన్ని చారిత్రక విషయాలు

మన భాషలో ఈ స్థితికి పేర్లకు కొదువ లేదు. ముట్టు, అంటు, మైల, దూరం, కడ, బయట చేరడం - ప్రాంతాన్ని బట్టి, కులాన్ని బట్టి ఒక్కొక్కటి వాడుకలో ఉన్నది. వీటిని వరుసగా పెట్టి చూస్తే ఒక సంగతి కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. ఒక్క మాటలోనూ రక్తం లేదు, నొప్పి లేదు. ముట్టు అంటే తాకడం. అంటు అన్నా తాకడమే. ఏ పని చేయకూడదో ఆ పని పేరే ఆమె స్థితికి పేరైనది. దూరం, కడ, బయట అనేవి ఆమె కూర్చోవలసిన చోటును చెప్పే మాటలు. "నెలసరి" ఒక్కటే కాలాన్ని లెక్కపెట్టి ఊరుకుంటుంది. ఆ మాటను పాఠ్యపుస్తకాలు, ఆసుపత్రులు వాడినంతగా మన ఇళ్ళు వాడలేదు. ఊరి బయటికి నెట్టిన కులాలకు పెట్టిన "అంటరాని" అన్న విశేషణమూ, ఇంటి లోపలి ఆడదానికి పెట్టిన "అంటు" అన్న పేరూ ఒక ధాతువు బిడ్డలే. నిఘంటువులో ఇంత దగ్గరగా ఉన్న ఈ రెండు మాటలను పక్కపక్కన పెట్టి చూసే పని మన విమర్శ చాలకాలం చేయలేదు.

ఈ వ్యాసంలో నేను గుడి గురించి, వంటయింటి గురించి ఎక్కువగా వ్రాయబోవడం లేదు. వాటిమీద చర్చ కొంత జరిగింది. నాకు కావలసింది పడక. ఆ మూడు నాలుగు రాత్రులలో భార్యాభర్తల మధ్య ఏమి ఉండవచ్చునని, ఏమి ఉండకూడదని ఎవరు నిర్ణయించారు? ఏ ప్రయోజనం కోసం నిర్ణయించారు? ఆమెకు కావలసిన సుఖం, అంటే నడుముకు ఇంత వెచ్చదనం, పక్కన ఒక మనిషి, ఇష్టమైతే కలయిక, ఇష్టం లేకపోతే నిద్ర - ఈ లెక్కలో ఎక్కడ ఉన్నది? ఇది చరిత్రకు తగని చిల్లర విషయమని అనుకొనేవారు ఎంగెల్స్ 1884లో కుటుంబం గురించి వ్రాసిన గ్రంథాన్ని మళ్ళీ ఒకసారి తిరగవేయవలసిందని మనవి. ఆస్తి చరిత్ర పడకగది గుమ్మం దగ్గర ఆగిపోదని ఆయన అప్పుడే చూపించాడు.

మన పండితులలో ఈ దిక్కుకు కొంత దూరం నడిచినవాడు దేవీప్రసాద్ చటోపాధ్యాయ. 1959లో వచ్చిన "లోకాయత"లో, జార్జి థామ్సన్ గ్రీకు సమాజంమీద చేసిన పరిశోధనను ఆధారం చేసుకొని, ఋతురక్తం ఆదిమ వ్యవసాయ సమాజాలలో సఫలతకు గుర్తుగా ఉండేదని, ఎర్రని సిందూరానికి, భూమిని స్త్రీగా భావించడానికి మూలం అక్కడ ఉన్నదని ఆయన వాదించాడు. ఒడిశాలో నేటికీ జరిగే రజ పండుగలో భూమికి ముట్టు వచ్చిందని మూడు రోజులు నాగలి పట్టరు, ఆడపిల్లలు ఉయ్యాలలూగుతారు. భూమికి విశ్రాంతి, మనిషికి ఆట! ఐతే ఈ వివరణ నిషేధం ఎక్కడ పుట్టిందో చెప్పగలిగిందేగాని, తరువాతి కాలంలో అది ఎవరి చేతిలో పనిముట్టు అయిందో చెప్పడానికి చాలదు. దానికి శాస్త్రాలలోకే పోవాలి.

తెలుగునాట బ్రాహ్మణ కుటుంబాలలో అధికభాగం కృష్ణయజుర్వేదపు తైత్తిరీయ శాఖవారు. ఆ సంహితలోని కథ ఇది. ఇంద్రుడు త్వష్ట కొడుకైన విశ్వరూపుణ్ణి చంపాడు. బ్రహ్మహత్యాపాపం చుట్టుకొన్నది. దానిని మూడు భాగాలు చేసి భూమికి ఒకటి, చెట్లకు ఒకటి, స్త్రీలకు ఒకటి పంచాడు. స్త్రీల వంతు నెలనెలా కనిపించే రక్తమైనది. హత్య చేసినవాడు దేవతల రాజు. మైల మోస్తున్నది మన తల్లులు. భూస్వామి చేసిన అప్పు పాలేరు ఖాతాలో వ్రాసిన చందంగా లేదా ఇది? ఆ వెంటనే అదే గ్రంథం మైలబట్ట కట్టిన స్త్రీతో మాట్లాడరాదని, కూర్చోరాదని, ఆమె అన్నం తినరాదని చెప్పి, ఆమె ఆ రోజులలో కాటుక పెట్టుకొంటే, తల దువ్వుకొంటే, నూలు వడికితే, తాడు పేనితే పుట్టబోయే బిడ్డకు ఏ ఏ అవలక్షణాలు వస్తాయో జాబితా ఇస్తుంది. ఆయుర్వేదమూ దీనిని విడువలేదు. సుశ్రుతుడు శారీరస్థానంలో ఇటువంటి జాబితానే వ్రాసి, ఆమె దర్భశయ్యమీద పడుకోవాలన్నాడు, భర్తకు దూరంగా ఉండాలన్నాడు. ఆమె నవ్వినా బిడ్డకు పళ్ళు, పెదవులు నల్లబడతాయన్నాడు. పగలు నిద్రపోవడమూ కూడదు, నూనె రాసుకోవడమూ కూడదు. విశ్రాంతి కోసం ఈ నియమాలు పెట్టారని నేటికీ ఉపన్యాసాలు ఇచ్చే పెద్దలున్నారు. నొప్పితో ఉన్న మనిషికి గడ్డి పరుపు వేసి, నూనె మర్దన మాన్పించి, పగటినిద్ర నిషేధించడం ఏ రకం విశ్రాంతో వారే సెలవియ్యాలి.

మనుస్మృతి నాలుగవ అధ్యాయం పురుషుణ్ణి హెచ్చరిస్తుంది. ఎంత మోహం కలిగినా రజస్వల దగ్గరికి పోరాదు, ఒకే పడకమీద పడుకోరాదు; పోతే ప్రజ్ఞ, తేజస్సు, బలం, చూపు, ఆయుస్సు నశిస్తాయి. ఇది చదివి మనవారు సాధారణంగా ఇక్కడే ఆగుతారు. నిషేధం పూర్తి కథ కాదు, సగం కథ. రెండవ సగం మూడవ అధ్యాయంలో ఉన్నది. పదహారు రాత్రులు ఋతుకాలం, మొదటి నాలుగు నింద్యం, మిగతావాటిలో నియమించిన రాత్రులందు భార్యను చేరాలి. పరాశరుడు ఇంకా స్పష్టంగా మాట్లాడాడు. ఋతుస్నానం చేసిన భార్య దగ్గరికి పోని భర్తకు భ్రూణహత్యాపాపం. ఋతుస్నానం చేసి భర్త దగ్గరికి పోని భార్యకు నరకం, వైధవ్యం. అన్నిటికంటె నగ్నంగా చెప్పింది బృహదారణ్యకోపనిషత్తు. మూడు రాత్రుల తరువాత మైలబట్ట విడిచిన స్త్రీని లక్ష్మి అని పొగిడి, ఆమెను పిలవమన్నది. ఆమె ఒప్పుకోకపోతే ఏదైనా ఇచ్చి లొంగదీయమన్నది. అప్పటికీ ఒప్పుకోకపోతే కర్రతోగాని చేతితోగాని కొట్టి లోబరచుకోమన్నది. బ్రహ్మజ్ఞానం చెప్పే గ్రంథంలో చివరి అధ్యాయం ఇది. మన తత్త్వశాస్త్ర తరగతులలో ఈ భాగం పాఠంగా పెట్టినట్లు నేనెక్కడా చూడలేదు.

కాబట్టి "ముట్టుకోకు" అన్న శాసనమూ "తప్పక ముట్టుకో" అన్న శాసనమూ రెండు కావు. గర్భం అనే పొలానికి ఎప్పుడు నీరు పెట్టాలో, ఎప్పుడు ఎండగట్టాలో నిర్ణయించే ఒకే యజమాని పంచాంగం అది. నాలుగు రాత్రులు ఆమెను అడగకుండా దూరం పెట్టారు. తక్కిన రాత్రులు ఆమెను అడగకుండా దగ్గరికి లాగారు. ఆమె ఇష్టం అన్న గడి ఈ పంచాంగంలో లేదు.

పరాశరుని మాట మరొకటి కూడా ఉన్నది. రజస్వల మొదటి రోజున చండాలి, రెండవ రోజున బ్రహ్మఘాతిని, మూడవ రోజున రజకి అని లెక్కగట్టాడు. రజకి అంటే చాకలి. అగ్రవర్ణపు ఇల్లాలు మూడు రోజులలో దిగి ఎక్కిన మెట్లు ఇతర స్త్రీలు పుట్టుకనుంచి చావుదాక నిలబడిన మెట్లు! తెలంగాణా పల్లెలలో ఆ ఇల్లాలి మైలగుడ్డలు ఉతికింది ఎవరు? చాకలి ఇంటి ఆడది. గడీలోనైతే అది వెట్టి. దొరసాని "అంటు" ఆమె చేతికి అంటలేదనే ధర్మశాస్త్రం భావించింది కాబోలు. వెట్టిచాకిరి చరిత్ర వ్రాసినప్పుడు మనం మోసిన గడ్డిమోపులు లెక్కపెట్టాం, ఇచ్చిన గొర్రెలు లెక్కపెట్టాం. ఈ మూట లెక్కలోకి రాలేదు. అంతేకాదు, నాటుకు పోయే కూలితల్లికి మూడు రోజులు "బయట" కూర్చునే వీలు ఎన్నడూ లేదు. మడిలో మోకాటిలోతు బురదలో నిలబడే ఆమె నెలసరి గడిచింది. బయట చేరే ఆచారం సాంగంగా సాగాలంటే ఇంట్లో పని చేయడానికి మరొక ఆడమనిషైనా ఉండాలి, కూలి పోయినా గడిచే స్థితైనా ఉండాలి.

అంటే మన నేలమీద దీనికి భిన్నమైన గొంతు లేనేలేదా? ఉన్నది. ఆశ్చర్యమేమంటే అది శాస్త్రాలకు సమకాలికంగానే ఉన్నది. మా నస్పూర్‌నుంచి గోదావరి వెంట ఎగువకు పోతే ఆవలి ఒడ్డున కోటిలింగాల వస్తుంది. తొలి శాతవాహనుడైన సిముకుని నాణేలు దొరికిన చోటు. ఆ శాతవాహనులలో హాలుని పేరుమీద ప్రాకృతంలో నిలిచిన సంకలనం గాథాసప్తశతి. అది కోటిలింగాలలో పుట్టిందని నేను అనడం లేదు. గోదావరి గట్టు పల్లెల వాసన దానిలో నిండా ఉన్నదని మాత్రమే అంటున్నాను. ఆ గాథలలో "పుష్పవతి" పలుమారు వస్తుంది. ఒక గాథలో కొత్తకోడలు ముఖానికి నెయ్యి పూసుకొని, నడుముకు బట్ట రెండు మడతలు చుట్టుకొని కూర్చుంటే, ఎందుకలా ఉన్నావని ఎవరో అడుగుతారు. ఆమె సిగ్గుతో తల వంచి నవ్వుతుంది. నెయ్యికి అక్కడ వాడిన మాట "తుప్ప". కన్నడంలో నేటికీ నెయ్యికి అదే పేరు. సంస్కృత శాస్త్రం నవ్వరాదన్న మనిషి ద్రావిడపు నెయ్యి రాసుకొని హాయిగా నవ్వుతున్నది!

మరొక గాథ మన విషయానికి నేరుగా వస్తుంది. అందులో మాట్లాడేది మగవాడు. లోకం నిందించినా సరే, తప్పని అన్నా సరే, నాకు నిద్ర రావడం లేదు, వచ్చి నా పక్కన పడుకోమని ముట్టులో ఉన్న ఆమెను పిలుస్తాడు. నిషేధం ఉన్నదని అతనికి తెలుసు. దానిని ధిక్కరిస్తున్నానన్న స్పృహ కూడా ఉన్నది. మన సంప్రదాయం ఏకశిలాసదృశమని వాదించేవారికి ఈ ఒక్క గాథ చాలు. కాని అభ్యుదయ దృష్టితో చదివేవారు ఇక్కడ మురిసిపోయి ఆగరాదు. అతనికి నిద్ర రావడం లేదు, సరే, ఆమెకు? గాథ ఆమె జవాబు చెప్పదు. ధిక్కారం కూడా మగవాడి నిద్రలేమినుంచే పుట్టింది.

ఇతర మతాల సంగతి క్లుప్తంగా. యూదుల లేవీయకాండం ఆమె పడుకొన్న పడకనే అపవిత్రమన్నది. ఖురాను రెండవ అధ్యాయం ఆ రోజులలో సంభోగాన్ని నిషేధించింది. కాని హదీసులలో ప్రవక్త ముట్టులో ఉన్న ఆయేషా ఒడిలో తల పెట్టుకొని ఖురాను చదివిన సంగతి, ఒకే దుప్పటికింద పడుకొన్న సంగతి ఉన్నవి. అంటే సంభోగం వేరు, సామీప్యం వేరు అన్న వివేకం అక్కడ శాసనంలోనే నిలిచింది. మన పక్కింటి ముస్లిం స్త్రీ ఆ రోజులలో నమాజు చేయదు. కాని ఆమె మంచం పెరట్లోకి పోలేదు. ఈ భేదం మన ఊళ్ళలో ఒకే గోడకు అటూ ఇటూ వందల ఏళ్ళు నడిచింది. ఇక ప్రాణహిత దాటి గడ్చిరోలి అడవులలోకి పోతే మాడియా గోండుల "కుర్మాఘర్" కనిపిస్తుంది. ఊరి చివర గుడిసె. ముట్టైన స్త్రీలు అందులో ఉండాలి. చలికి, పాముకాటుకు అక్కడ ప్రాణాలు పోయిన సందర్భాలున్నవి. ఆదివాసి జీవితమంతా స్వేచ్ఛే అనుకొని కవిత్వం చెప్పేవారు ఆ గుడిసె ముందు ఒక నిమిషం నిలవాలి.

ఇప్పుడు బొగ్గు బాయి దగ్గరికి వస్తాను. సింగరేణి కంపెనీ 1920 డిసెంబరు 23న ఏర్పడింది. ఇల్లెందునుంచి గనులు ఉత్తరానికి జరిగి బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం, శ్రీరాంపూర్ వచ్చినవి. వాటితోబాటు క్వార్టర్లు వచ్చినవి. నేను పుట్టి పెరిగింది నస్పూర్‌లో అటువంటి క్వార్టరులోనే. కరీంనగరు పల్లెలనుంచి, ఆదిలాబాదు పల్లెలనుంచి వచ్చిన జంటలు అత్తను, ఆడబిడ్డను ఊళ్ళో విడిచి ఈ రెండు గదులలో కాపురం పెట్టినారు. ఆచారానికి ఇక్కడ పునాది కదిలింది. "బయట" కూర్చుందామంటే బయట అంటే వీధి. వంట మానేద్దామంటే తెల్లవారి మొదటి షిఫ్టుకు పోయే మనిషికి సద్దిగిన్నె ఎవరు కట్టాలి? కంపెనీ మస్టరు ముట్టును గుర్తించదు. గనుక ఆమెనే వండింది, అతను తిన్నాడు. వంటయింటి అంటు ఏ సంస్కర్త ఉపన్యాసం లేకుండానే సగం చచ్చింది. ఉత్పత్తి సంబంధాలు మారితే ఆచారం మారుతుందన్న సూత్రానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నేను పుస్తకాలలో చూడలేదు.

కాని చావని సగం ఎక్కడ దాక్కొన్నది? దేవుని పటం ముందర, పడకలో. పెద్దవయసు స్త్రీలను నేను అడిగి చూశాను. కొందరు నవ్వి మాట మార్చారు. మాట్లాడినవారు చెప్పింది నేను ఊహించినదానికి భిన్నంగా ఉన్నది. చాపమీద వేరుగా పడుకోవడం అవమానమని వారెవరూ అనలేదు. "గా మూడొద్దులే గదా బిడ్డా, మా పానానికి జర సుకం" అన్నది ఒకామె. జీతాల రోజు తాగి వచ్చిన మనిషికి "వద్దు" అంటే దెబ్బలు. "బయటున్న" అంటే వెనక్కు తగ్గేవాడు. ఆమె వద్దనడాన్ని లోకం గుర్తించలేదు. శాస్త్రం వద్దనడాన్ని గుర్తించింది. అందుకని ఆ మూడు రోజులను అయిదు చేసినవారున్నారు, రాని నెలసరిని వచ్చిందని చెప్పినవారున్నారు. బృహదారణ్యకం కర్ర ఎత్తమన్నది మూడు రాత్రుల తరువాత కదా! మూడు రాత్రులవరకు ఆమెకు అభయం. తనను బంధించడానికి కట్టిన గోడ చాటున ఆమె నిలబడి ఊపిరి పీల్చుకొన్నది.

ఈ సంగతి మన సంస్కరణవాదాన్ని చిక్కులో పెడుతుంది. చదువుకొన్న భర్త "ఇవన్నీ మూఢనమ్మకాలు, నేను పాటించను" అని గర్వంగా ప్రకటిస్తాడు. మంచిదే. కాని ఆమెకు నిరాకరించే హక్కు ఇవ్వకుండా ఈ నమ్మకాన్ని మాత్రం తీసివేస్తే, ఆమెకున్న ఒకే తలుపు గడియ ఊడిపోతుంది. 2023లో వచ్చి 2024 జూలై 1నుంచి అమలైన భారతీయ న్యాయసంహిత 63వ సెక్షన్లో కూడా, పద్దెనిమిదేళ్ళు నిండిన భార్యపై భర్త చేసిన బలాత్కారాన్ని అత్యాచారంగా పరిగణించరాదన్న మినహాయింపు పాత శిక్షాస్మృతినుంచి అలాగే వచ్చి కూర్చున్నది. 2018 సెప్టెంబరు 28న శబరిమల తీర్పులో న్యాయమూర్తి చంద్రచూడ్ ముట్టు కారణంగా స్త్రీని వెలిపెట్టడం రాజ్యాంగం 17వ అధికరణం నిషేధించిన అంటరానితనమేనని వ్రాశాడు. అంటుకూ అంటరానితనానికీ ఉన్న చుట్టరికం న్యాయస్థానం భాషలోకి అలా వచ్చింది. అది గుడి మెట్లదాకా. పడకగదిలో ఇంకా పరాశరుడే.

గని చట్టంలోనూ ఇదే తర్కం వేరే వేషంలో ఉండేది. భారతదేశపు గనులలో ఒకనాడు స్త్రీలు భూగర్భంలోకి దిగి బొగ్గు మోసేవారు. 1929 నిబంధనలు వారిని పదేళ్ళలో క్రమంగా బయటికి పంపించినవి. యుద్ధానికి బొగ్గు కావలసివచ్చేసరికి 1943లో మళ్ళీ దింపారు. అవసరం తీరగానే 1946లో మళ్ళీ పైకి పంపారు. 1952 గనుల చట్టం 46వ సెక్షను దానిని స్థిరం చేసింది. 2019లో సాంకేతిక, పర్యవేక్షణ పనులకు కొన్ని షరతులతో తలుపు తీశారు. స్త్రీ రక్షణ కోసమేనని ప్రతిసారీ చెప్పారు. చోటు మూశారు తప్ప ఆ చోటికి నీళ్ళు, మరుగుదొడ్డి తెచ్చి సుఖం కలిగించలేదు. "బయట చేర్చడం" అన్న మన మాట దీనికీ చక్కగా అతుకుతుంది. దీనికి భిన్నంగా జపాను 1947 కార్మిక చట్టంలో ముట్టు సెలవు హక్కుగా వచ్చింది. టోక్యో బస్సు కండక్టరమ్మలు అంతకు ముందునుంచే దానికోసం పోరాడారు. మన దేశంలో బీహారు 1992లో ప్రభుత్వోద్యోగినులకు నెలకు రెండు రోజులిచ్చింది. 2025లో కర్ణాటక ఏడాదికి పన్నెండు రోజుల జీతపు సెలవును ఆమోదించింది. కోరితే తీసుకొనే సెలవు వేరు, తరిమి కూర్చోబెట్టడం వేరు.

ఇక వైద్యశాస్త్రం చెప్పేది నా విద్యార్థినులు అడుగుతారు గనుక చెప్పాలి. గర్భాశయపు కండరాలు ముడుచుకొని పొరను బయటికి తోయడంవల్ల ఆ నొప్పి. ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు దానికి కారణం. పొత్తికడుపుకు వెచ్చదనం తగిలితే చాలామందికి తగ్గుతుంది. కలయికవలన దానంతటది ఇద్దరికీ కీడు లేదు. చూపూ పోదు, ఆయుస్సూ పోదు. భావప్రాప్తివల్ల నొప్పి సడలిందని చెప్పిన స్త్రీలున్నారు. ఆ రోజులలో తాకితేనే చికాకుపడేవారూ ఉన్నారు. రక్తంద్వారా సోకే వ్యాధులకు ఆ సమయంలో అవకాశం ఉన్నది గనుక తొడుగు వాడాలి. గర్భం రాదన్న హామీ కూడా లేదు. పని చేసుకోనివ్వనంత నొప్పి నెలనెలా వస్తుంటే అది ఆడదాని తలరాత కాదు, డాక్టరుకు చూపించవలసిన జబ్బు కావచ్చు. ఈ నాలుగు మాటలు తెలుగులో సూటిగా వ్రాసిన పుస్తకాలు స్త్రీల సంఘాలు పూనుకొనేదాక రాలేదు. 1993లో "నీలి మేఘాలు" సంకలనం వచ్చినప్పుడు అందులో శరీరం గురించి స్త్రీలు వ్రాసిన కవితలను చూసి ముఖం చిట్లించినవారిలో మన శిబిరంవారూ ఉన్నారు. అది కూడా చరిత్రే, దాచవలసిన పని లేదు.

శాస్త్రాలలో, చట్టాలలో, గాథలో కూడా కనిపించని ఒక వస్తువు నాకు మా క్వార్టర్ల వరుసలో దొరికింది. గనిలో భర్త రిటైరై పోయిన ఒక ముసలమ్మ చెప్పింది. ఆ రోజులలో బొగ్గుపొయ్యి మీద ఇటుక కాల్చి, పాతగుడ్డలో చుట్టి, నడుముకింద పెట్టుకొనేదట. మొదట్లో తానే కాల్చుకొనేది. తరువాత అతనికి తెలిసింది. రెండో షిఫ్టు దిగి రాత్రి వచ్చి, స్నానం చేసి, ఇటుక పొయ్యిమీద పెట్టేవాడు. ఆమె అడిగిన రాత్రి చాప పక్కనే పడుకొనేవాడు. అడగని రాత్రి మంచమెక్కేవాడు. "ఆయన అడిగెటోడా?" అన్నాను. "అడిగెటోడు బిడ్డా. ఉండన్నా, పోవన్నా అని." ఊరినుంచి అత్త వచ్చిన నెలలో ఏమి చేశారని అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చెప్పింది: "ఇటుక నాకేనే అవ్వా, బాయిల నడుం పట్టింది అనెటోడు. నిజమనుకొని ఆమెనే కాలవెట్టి ఇచ్చేది."